గాలి మామయ్య, గులాబీ దుమ్ము

చిట్టి వాళ్ళ మామయ్యకు కంప్యూటరు పెట్టె కనబడితే చాలు, దాని ఒంటిమీద అరచెయ్యి ఆనించి జ్వరం చూడందే ప్రాణం ఊరుకోదు. ఎవరింటికి వెళ్ళినా అంతే. చెప్పులు విప్పుతూనే ఆయన కళ్ళు బల్లల కింద వెతకడం మొదలుపెడతాయి. ఇంటివాళ్ళు "రండి, రండి, కూర్చోండి" అంటూనే ఉంటారు. ఆయన అప్పటికే మోకాళ్ళ మీద కూర్చుని, పెట్టె పక్కన చెయ్యి వేసి, వైద్యుడిలా కళ్ళు మూసుకుని ఉంటాడు.

"ఇది ఎటు నుంచి పీలుస్తోంది?" అని అడుగుతాడు కళ్ళు తెరవకుండానే.

"ఏదండీ?"

"మీ కంప్యూటరు. ఊపిరి ఎటు పీలుస్తోంది, ఎటు వదులుతోంది?"

తాము కొన్న వస్తువుకు ముక్కొకటి ఉందన్న సంగతి అప్పటిదాకా ఆ ఇంటివాళ్ళకు తెలియదు. తెలిసేసరికి టీ చల్లారిపోతుంది.

అందుకే వీధిలో చిన్నాపెద్దా అందరూ ఆయన్ని గాలి మామయ్య అంటారు. ఆయన దాన్ని బిరుదుగానే తీసుకున్నాడు. చొక్కా జేబులో పెన్ను ఉండాల్సిన చోట ఒక మెత్తటి కుంచె, ఒక బుల్లి స్క్రూడ్రైవరు, పల్చటి కాగితం ముక్క ఒకటి ఎప్పుడూ ఉంటాయి. కుంచె దుమ్ము దులపడానికి, స్క్రూడ్రైవరు మూత విప్పడానికి, కాగితం ముక్క గాలి ఎటు పోతోందో చూడడానికి. కాగితం ఫ్యానుకు అతుక్కుంటే గాలి లోపలికి పోతున్నట్టు, రెపరెపలాడుతూ దూరంగా ఎగిరితే బయటికి వస్తున్నట్టు. "కాగితం అబద్ధం చెప్పదు" అంటాడు, కోర్టులో సాక్షిని ప్రవేశపెట్టినట్టు.

నిజానికి ఆయన బతుకుతెరువు కళ్ళజోళ్ళ దుకాణం. కానీ అక్కడికి కళ్ళజోడు కోసం వెళ్ళినవాళ్ళు కళ్ళజోడు ఒక్కటే పట్టుకుని బయటపడడం కష్టం. ఒకసారి ఒక పెద్దమనిషి వచ్చి, కంప్యూటరు ముందు కూర్చుంటే కళ్ళు మండుతున్నాయన్నాడు. మామయ్య అతని ముక్కు మీద ఖాళీ ఫ్రేము పెట్టి, ఎడమ కంటికి అద్దం బిగించాడు. కుడి కంటికి అద్దం తీయబోతూ ఆగిపోయాడు.

"కంప్యూటరు ఎక్కడ పెట్టారు?"

"బల్ల కింద. గోడకి ఆనించి."

"అయ్యో!" మామయ్య చేతిలోని అద్దం కింద పెట్టేశాడు. "గోడకి ఆనిస్తే పాపం అది ఎటు వదులుతుందండీ? బస్సు ఎక్కారా మీరెప్పుడైనా?"

"ఎక్కాను."

"ముందు తలుపులోంచి ఎక్కాలి, వెనక తలుపులోంచి దిగాలి. ముందు ఫ్యాను గాలిని ఎక్కించుకుంటుంది, వెనక ఫ్యాను దింపేస్తుంది. పోతూ పోతూ ఆ గాలి లోపలి వేడిని చెయ్యి పట్టుకుని తీసుకుపోతుంది. మీరేమో వెనక తలుపుకి గోడ కట్టారు."

"మరి నా కుడి కన్ను..."

"వస్తున్నా. అసలు కిటుకు వినండి. దిగేవాళ్ళ కంటే ఎక్కేవాళ్ళు కొంచెం ఎక్కువుండాలి. అప్పుడు లోపల కిక్కిరిసిపోయి, ఎక్కడ సందు దొరికితే అక్కణ్ణుంచి బయటికి తోసుకొస్తారు. కిటికీలోంచి లోపలికి దూరే ధైర్యం ఎవడికీ ఉండదు. అదే దిగేవాళ్ళు ఎక్కువయ్యారనుకోండి, లోపల ఖాళీ! కిటికీల్లోంచి, సందుల్లోంచి టిక్కెట్టు లేని దుమ్మంతా ఎక్కి కూర్చుంటుంది."

"దుమ్ముకి టిక్కెట్టేంటండీ?"

"ముందు ఫ్యానుకి వల కడతాం కదా. ఆ వలే కండక్టరు."

ఆ పెద్దమనిషి ఒంటి అద్దంతోనే ఇంటికి వెళ్ళి, కంప్యూటరును గోడకు జానెడు దూరం జరిపి, మర్నాడు రెండో అద్దం కోసం వచ్చాడు.

ఇంట్లో అత్తయ్యది వేరే గోల. ఆవిడ ముచ్చటపడి కిటికీకి కొత్త వలతెర కట్టింది. వారం తిరక్కుండా దాని మధ్యలో అరచేతి వెడల్పున నలుచదరం కన్నం కనబడింది. ఎలుక పని అనుకుందామంటే ఎలుకలు స్కేలు పెట్టి కత్తిరించవు.

"ఏమండీ, ఈ తెరకి ఏమైంది?"

"ఏ తెర?"

"మధ్యలో ఊరు కనబడుతోందే, ఆ తెర."

"ఓ, అదా! ఎంత మంచి నేత అనుకున్నావు! గాలిని ఆపదు, దుమ్ముని వదలదు. నీ ఎంపికే ఎంపిక!"

"పొగిడి తప్పించుకోకండి. ఇంట్లో మనుషులు దుమ్ము తిన్నా ఫరవాలేదు, మీ కంప్యూటరు పెట్టెకి మాత్రం వల కావాలి. పోయి దాంతోనే కాపరం చెయ్యండి."

"దానికి మాట్లాడ్డం రాదు కదా, పాపం" అన్నాడు మామయ్య. అదే దాని సుగుణం అన్నట్టు వినబడేసరికి ఆ పూట ఆయన కంచంలో చారు మాత్రమే పడింది.

దగ్గు వచ్చి డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడూ అంతే. తోడుగా వెళ్ళింది చిట్టి కాబట్టి ఆ సిగ్గు కూడా ఆ పిల్లే పడింది. డాక్టరు వీపు మీద స్టెతస్కోపు పెట్టి, "పీల్చండి... వదలండి... పీల్చండి..." అంటున్నాడు. మామయ్య పీలుస్తూనే ముందుకు వంగి బల్ల కిందకు చూశాడు.

"నిటారుగా కూర్చోండి. పీల్చండి."

"నేను పీలుస్తూనే ఉన్నాను డాక్టరుగారూ. మీదే పీల్చడం లేదు."

"నాది... ఏది?"

"బల్ల కింద తివాచీ మీద పెట్టారే, అది. దాని ముక్కు తివాచీలో కూరుకుపోయింది. చెయ్యి వేసి చూడండి, ఒళ్ళు కాలిపోతోంది."

డాక్టరు స్టెతస్కోపు మెడలో వేసుకుని, రోగి పక్కన నేల మీద చతికిలబడ్డాడు. బయట వరసలో కూర్చున్నవాళ్ళకు ఎంతసేపటికీ పిలుపు రాకపోతే ఒకావిడ తలుపు తోసి చూసింది. డాక్టరు చేతిలో కుంచె ఉంది, రోగి పక్కనుంచి "మెల్లగా, రెక్క తిరక్కుండా వేలితో ఆపి పట్టుకుని దులపండి" అని దగ్గుతూ చెబుతున్నాడు.

ఇన్ని చెప్పినా ఒక మాట ఒప్పుకోవాలి. మామయ్య చెయ్యి పడిన పెట్టె ఏడాది పాటు అద్దంలా ఉంటుంది. తీగలన్నీ జడ అల్లినట్టు ఒక పక్కకు కట్టేసి, వలలు బిగించి, గాలికి దారి చేసి వచ్చాడంటే మళ్ళీ ఆ వంక చూడక్కర్లేదు. ఒక్క ఇంట్లోనే ఆయన విద్య పారలేదు. అది టైపు టీచరమ్మ ఇల్లు. అక్కడికి మాత్రం ప్రతి శనివారం కుంచె పట్టుకుని వెళ్ళాల్సి వచ్చేది.

టైపు టీచరమ్మ అంటే ఒకప్పుడు ఊళ్ళో సగం మంది వేళ్ళను దారిలో పెట్టిన మనిషి. మామయ్య వేళ్ళు కూడా అందులో ఉన్నాయి. టైపు మిషన్లు మూలపడ్డాక ఇన్‌స్టిట్యూటు మూసేసి, మేడ మీద రెండు గదుల్లో ఒక్కతే ఉంటూ, ప్రెస్సువాళ్ళకు పుస్తకాలు టైపు చేసి పెడుతోంది. చిట్టి పని చేసేది ఆ ప్రెస్సులోనే. రాతప్రతి తీసుకెళ్ళి ఇవ్వడం, టైపు అయినవి పెన్‌డ్రైవులో తెచ్చుకోవడం ఆ అమ్మాయి వంతు.

టీచరమ్మ తలుపు ఎప్పుడూ బెత్తెడే తెరుచుకుంటుంది. ఆ సందులోంచి ఒక కన్ను, ఒక ప్రశ్న బయటికి వస్తాయి.

"ఏం పని?"

పని ఉంటే లోపలికి. లేకపోతే, "అయితే వెళ్ళి ఏదైనా పని చూసుకో" అని తలుపు మూసుకుంటుంది. కింది వాటాలో ఉండే ఆవిడ ఒకసారి పలకరించి పోదామని వెళ్ళి, తలుపుతోనే మాట్లాడి దిగి వచ్చింది.

అలాంటి ఇంట్లో వారం వారం దుమ్ము పడుతోందంటే అత్తయ్యకు నమ్మకం కుదరలేదు. "మేడ మీద గది. కిటికీలు మూసే ఉంటాయి. మనిషా, ఒక్కతే. మీ ఫ్యాన్లూ వలలూ అన్ని ఇళ్ళలో పనిచేసి అక్కడ మాత్రం ఎందుకు పనిచెయ్యవు?"

"వాస్తవమే" అని మామయ్య పైకప్పు వంక చూశాడు. "కొన్ని ఇళ్ళు అంతే."

గుట్టు బయటపడింది ఒక శనివారం పొద్దున. మామయ్య కుర్చీ ఎక్కి బీరువా పైన దులుపుతుంటే చూసి అత్తయ్య మురిసిపోయింది. పెళ్ళయ్యాక ఆయన ఇంటిపని ముట్టుకోగా ఆవిడ చూడడం అదే మొదలు. చిట్టి మాత్రం ఇంకోటి చూసింది. ఆయన దులిపిన దుమ్మును పారెయ్యడం లేదు. జాగ్రత్తగా కాగితం మీదకు తోసి, గుండీలు దాచుకునే చిన్న డబ్బాలో పోసి, మూత బిగించి జేబులో వేసుకున్నాడు.

ఆ రోజు రాతప్రతి ఇవ్వడానికి చిట్టి టీచరమ్మ ఇంటికి వెళ్ళేసరికి మామయ్య అక్కడే ఉన్నాడు. పెట్టె శుభ్రం చెయ్యడం అయిపోయింది. టీచరమ్మ టీ పెట్టడానికి వంటగదిలోకి వెళ్ళింది. మామయ్య అటూ ఇటూ చూసి, జేబులోంచి గుండీల డబ్బా తీసి, అందులోంచి చిటికెడు దుమ్ము తీసి, పెట్టె ముందున్న వల మీద మెల్లగా చల్లాడు. ముగ్గులో చుక్క పెట్టినంత శ్రద్ధగా.

చిట్టి చేతిలోని కాగితాలు జారిపోయాయి. మామయ్య ఉలిక్కిపడి, నోటి మీద వేలు పెట్టుకున్నాడు.

మెట్లు దిగి వీధిలోకి వచ్చాక ఆ అమ్మాయి మామయ్య చొక్కా పట్టుకుని ఆపింది.

"మామయ్యా! నువ్వు! దుమ్ము వేస్తున్నావా?"

"అరవకే, ఎవరైనా వింటే నా పరువు పోతుంది." మామయ్య మొహం తప్పు చేసి దొరికిపోయిన బడిపిల్లాడిలా ఉంది. "ముందు వల మీదే వేస్తున్నా. లోపలికి ఒక్క రేణువు కూడా పోదు, ఒట్టు."

"అసలెందుకు?"

"పోయినేడు ఆవిడకి జ్వరం వచ్చి మంచం మీంచి లేవలేకపోతే ఎవరికి తెలిసింది? పెట్టె చూడ్డానికి వెళ్ళాను కాబట్టి నాకు తెలిసింది. సరే, అప్పట్నుంచి వారం వారం వెళ్తున్నాను. పెట్టె చూసే వంకతో బల్బు మారుస్తాను, కుళాయి బిగిస్తాను, మందులు ఉన్నాయో లేదో ఓ కన్నేస్తాను. ఒక శనివారం పెట్టె తెరిస్తే లోపల అద్దంలా ఉంది. మన పనితనం అలాంటిది మరి! 'ఇక వచ్చే ఏడాదే వస్తానండీ' అన్నాను. 'మంచిది' అంది. అందిగానీ ఆ గొంతు నాకు నచ్చలేదే చిట్టీ. పని లేకుండా వస్తానంటే గడప దాటనివ్వదు. జాలిపడి వస్తున్నానని తెలిస్తే పెట్టె తీసి నా నెత్తిన కొడుతుంది. ఇంకేం చెయ్యను? దుమ్ము నేనే మోసుకెళ్తున్నాను."

చిట్టికి నవ్వూ వచ్చింది, ఇంకేదో కూడా వచ్చింది. రెండూ దిగమింగుకుని, "బీరువా మీది దుమ్మేనా?" అని మాత్రం అడిగింది.

"మంచి రకం. మెత్తగా ఉంటుంది" అన్నాడు మామయ్య. అంతలోనే ఆయన కనుబొమలు ముడిపడ్డాయి. "కానీ ఒక్కటే అర్థం కావడం లేదే. నేను వేస్తున్నది చిటికెడు. లోపల తేలుతున్నది గుప్పెడు. అదీ తెల్లటి పొడి. గోడ సున్నం రాలుతోందేమోనని వెనక గోడకంతా కాగితం అంటించాను. అయినా వస్తోంది. ఎక్కే దారి లేదు, దిగే దారిలోంచి రాదు. మరెలా వస్తోంది?"

లోకమంతా తన విద్యను వెక్కిరించినా నవ్వేసే మనిషి, ఆ తెల్లపొడి దగ్గర మాత్రం నిజంగానే చిక్కుకుపోయాడు. అన్నం తింటూ తింటూ ఆగిపోయి కంచంలో వేలితో బాణం గుర్తులు గీసేవాడు.

ఆ పొడి చివరికి కొంప ముంచింది. టీచరమ్మ ఒక పుస్తకం చివరి అధ్యాయంలో ఉండగా కంప్యూటరు వేడెక్కి ఉన్నట్టుండి ఆరిపోయింది. మళ్ళీ పెడితే మళ్ళీ ఆరిపోయింది. చేసిన పని పోయింది. ప్రెస్సు ఓనరు చిట్టిని పిలిచాడు.

"మీ మామయ్య వారం వారం వెళ్తాడు, అదేమో వారం వారం చెడుతుంది. ఇక నావల్ల కాదమ్మా. ఇప్పుడు ఫ్యాన్లే లేని బుల్లి పెట్టెలు వస్తున్నాయట. గాలీ లేదు, దుమ్మూ లేదు, మీ మామయ్యా అక్కర్లేదు. ఒకటి తెప్పించి టీచరుగారికి ఇచ్చేస్తాను. శనివారం వచ్చి ఒకసారి పాతదాన్ని కళ్ళతో చూస్తాను. బాగుంటే సరే, లేకపోతే మార్పే."

ఓనరు మంచివాడే. కానీ మామయ్య గాలి పాఠం ఆయన ఏనాడూ రెండు వాక్యాలకు మించి విన్న పాపాన పోలేదు. మూడో వాక్యానికి ఆయనకు ఎప్పుడూ ఫోను వచ్చేది.

కబురు విని మామయ్య దుకాణంలో కూలబడ్డాడు.

"ఇరికిపోయానే చిట్టీ. పెట్టె మురికిగా ఉంటే దాన్ని తీసుకుపోతారు. శుభ్రంగా ఉంటే వారం వారం నేనెందుకని అడుగుతారు. ఎటు చూసినా నా శనివారం పోయింది."

"మరి ఎలా ఉండాలి?"

"మురికిగా ఉండీ ఉండనట్టు ఉండాలి" అన్నాడు మామయ్య. పోయినవారం వేసిన చిటికెడు సరిగ్గా సరిపోతుందని లెక్కవేసి, ఆ లోపల తెల్లపొడి ఒక్కటి తేలకుండా ఉంటే గండం గట్టెక్కినట్టేనని ధైర్యం చెప్పుకున్నాడు. ఓనరు వస్తున్న సంగతి చిట్టి టీచరమ్మకూ చెప్పింది. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని, "ఊఁ, రానీ" అంది.

శనివారం ముగ్గురూ మెట్లెక్కారు. తలుపు బెత్తెడు తెరుచుకుంది.

"ఏం పని?"

"పెట్టె చూడ్డానికి టీచరుగారూ" అన్నాడు ఓనరు.

టీచరమ్మ చేతులు వెనక్కి కట్టుకుని, పరీక్ష హాల్లో నిలబడ్డట్టు బల్ల పక్కన నిలబడింది. మామయ్య పెట్టెను బల్ల మీదకు ఎత్తి, ముందు వల తీసి చూపించాడు. బూడిదరంగు దుమ్ము పల్చగా, మర్యాదగా ఉంది. ఓనరు తల ఊపాడు. మామయ్య కొంచెం తేలికపడి, పక్క మూత విప్పాడు.

లోపలంతా గులాబీ రంగు.

ప్రాసెసరు మీది లోహపు రెక్కల మధ్య, ఫ్యాను అంచుల మీద, తీగల జడల మీద, ఎవరో పూనుకుని రంగు వేసినట్టు గులాబీ రంగు పొడి. గాలి కదిలితే కొంచెం లేచి ఓనరు ముక్కు మీద వాలింది.

"ఇదేంటయ్యా?" ఓనరు తుమ్మాడు. "గులాబీ రంగు దుమ్ము కూడా ఉంటుందా?"

మామయ్య వేలితో తీసి రుద్ది చూశాడు. సుద్దముక్క పొడి. పోయిన వారాల్లో తేలిన తెల్లపొడి కూడా ఇలాగే నున్నగా ఉండేది. బల్ల వెనక షెల్ఫు వంక చూశాడు. ఇన్‌స్టిట్యూటు రోజుల నాటి సుద్దముక్కల డబ్బా అక్కడ ఉంది. తెల్లవి అయిపోయాయి, రంగువే మిగిలాయి. అక్కణ్ణుంచి ఆయన చూపు మెల్లగా టీచరమ్మ మీదకు వచ్చింది. ఆవిడ కిటికీలోంచి చాలా శ్రద్ధగా ఆకాశాన్ని చూస్తోంది. ఆవిడ వెనక నిలబడ్డ చిట్టికి మాత్రం ఆ కట్టుకున్న చేతులు కనబడ్డాయి. వేళ్ళ చివర్లు పదీ గులాబీ మొగ్గల్లా ఉన్నాయి.

చిట్టి మొహం చూసి మామయ్యకు అంతా తెలిసిపోయింది.

"చెప్పండి మరి" అన్నాడు ఓనరు. "ఇది ఎలా వచ్చింది? ఎవరు వేశారు?"

టీచరమ్మ గొంతు సవరించుకుంది. ఏదో చెప్పబోయింది. ఆవిడ పెదవి కదిలేలోపే మామయ్య అడ్డుపడ్డాడు.

"నేనే."

"మీరా?"

"అంటే... వెనక ఫ్యాను." మామయ్య జేబులోని కుంచె సర్దుకున్నాడు. ఆ మాట బయటికి రావడానికి ఎంత పెనుగులాడిందో చిట్టికి తెలుస్తూనే ఉంది. "వెనక ఫ్యాను... నేను... తిరగేసి బిగించాను. బయటికి ఊదాల్సింది లోపలికి లాగుతోంది. వెనక షెల్ఫులో సుద్దపొడి ఉంది కదా, అదంతా పీల్చేసింది."

ఓనరు నవ్వడం మొదలుపెట్టాడు. మొదట ముక్కుతో, తర్వాత పొట్టతో, ఆఖరికి గోడకు ఆనుకుని.

"గాలి మామయ్యా! మీరు! ఫ్యాను తిరగేశారా! అయ్యో అయ్యో... మరి ఇన్నాళ్ళూ ఊరందరికీ... అబ్బ, నా కడుపు!"

"మనిషన్నాక పొరపాటు రాదా?" అన్నాడు మామయ్య, కళ్ళు నేలకు దించుకుని.

"సరే, సరే, అయితే నా కళ్ళ ముందు సరిచేసెయ్యండి, చూస్తాను."

ఇది మామయ్య ఆలోచించుకోలేదు. ఫ్యాను సరిగ్గానే ఉంది. సరిగ్గా ఉన్నదాన్ని సరిచెయ్యాలంటే తిరగెయ్యాలి. జీవితంలో మొదటిసారి, తన చేతులతో, సాక్షుల ముందు, ఫ్యానును తప్పుగా బిగించాలి. స్క్రూడ్రైవరు తీసుకున్నాడు. ముందుగా కుంచెతో గులాబీ పొడిని ఒక్కొక్క రెక్కలోంచి దులిపాడు, ఆలస్యమైతే మంచిదే అన్నట్టు. తర్వాత ఫ్యాను విప్పాడు. తిప్పాడు. స్క్రూ బిగుస్తుంటే పన్ను పీకించుకుంటున్నట్టు మొహం పెట్టాడు.

కంప్యూటరు పెట్టగానే ఓనరు సరదాపడి తన చేతిరుమాలు పెట్టె వెనక పట్టుకున్నాడు. అది రయ్యిమని వెళ్ళి ఫ్యానుకు అతుక్కుపోయింది.

"ఆహా, ఎలా పట్టుకుందో చూడండి! ఇప్పుడు సరిగ్గా ఉందన్నమాట!"

"అ... వును" అన్నాడు మామయ్య. ఆయన నుదుటి మీద చెమట బొట్లు కట్టింది.

"ఇక వేడెక్కదుగా? కొత్తది వద్దంటారా?"

జవాబు టీచరమ్మ చెప్పింది. "వద్దు. వీడు వారం వారం వచ్చి చూసుకుంటాడు. చేసిన తప్పు వీడే కనిపెట్టుకుని ఉండాలి. నా దగ్గర నేర్చుకున్నవాడికి ఇదే పద్ధతి." ఆవిడ మామయ్య వంక ఎర్రగా చూసింది. "వింటున్నావట్రా? ప్రతి శనివారం. పెట్టె ఎలా ఉన్నా సరే."

"అలాగేనండీ" అన్నాడు మామయ్య. శిక్ష పడినవాడి మొహం అంత వెలిగిపోవడం ఓనరు ఎక్కడా చూసి ఉండడు.

ఓనరును సాగనంపడానికి మామయ్య మెట్లు దిగుతుంటే, టీచరమ్మ చిట్టి చెయ్యి పట్టుకుని ఆపింది. చిట్టి చేతికీ కాస్త గులాబీ రంగు అంటింది.

"మీ ఇంట్లో వాడి మాట ఎవరైనా వింటారా?"

చిట్టి నిజం చెప్పలేక చేతికి అంటిన రంగు తుడుచుకోసాగింది.

"తెలుసు. ఆ మధ్య ఒక శనివారం పెట్టెలో దుమ్ము లేదు. వాడి మొహం చూడాలి, బొమ్మ విరిగిన పిల్లాడిలా అయిపోయాడు. ఇక ఏడాదికి గాని రానన్నాడు. పాపం, వాడికి చెప్పుకోవడానికి ఒక చోటు ఉండొద్దూ? అందుకని పెట్టె నెత్తిమీది కంతల్లోంచి కాస్త సుద్దపొడి... ఇవాళ మీ ఓనరు ముందు వాడికి పని లేదనిపించకూడదని నాలుగు ముక్కలు ఎక్కువే నూరాను." ఆవిడ గొంతు తగ్గించింది. "చెప్పకు. జాలిపడ్డానని తెలిస్తే చిన్నబుచ్చుకుంటాడు."

గుండీల డబ్బా సంగతి చిట్టి నాలుక చివరిదాకా వచ్చింది. కింది పెదవి గట్టిగా కొరుక్కుని తల ఊపింది.

సాయంత్రానికి కబురు వీధి చుట్టేసి, మామయ్య కంటే ముందే ఇంటికి చేరింది. పాల దుకాణం దగ్గర ఒకడు "మామయ్యా, మా ఇంట్లో ఫ్యాను ఎటు తిరగాలి?" అని అడిగాడు. మరొకడు చొక్కా తిరగేసి తొడుక్కుని ఎదురొచ్చాడు. మామయ్య అందరికీ తల వంచి, "ఏమో నాయనా, నాకేం తెలుసు" అనుకుంటూ వచ్చాడు. అత్తయ్య గుమ్మంలో నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది.

"మీరు ఉప్పనుకుని పంచదార వేశారంటే నమ్ముతాను. నన్ను బస్సులో మర్చిపోయి దిగిపోయారంటే నమ్ముతాను, అది జరిగింది కూడా. ఫ్యాను తిరగేశారంటే మాత్రం చచ్చినా నమ్మను. ఎవర్ని వెనకేసుకొచ్చారు?"

మామయ్య చెప్పులు విప్పి మూలన సర్దాడు. అత్తయ్య ఆయన్ని ఎగాదిగా చూసి, లోపలికి వెళ్ళి, ఆయనకిష్టమని కూరలో మళ్ళీ పోపు పెట్టింది.

కానీ పోపు పెట్టిన కూర కూడా మామయ్యకు రుచించలేదు. అక్కడ, ఆ మేడ మీద, ఆయన చేతుల మీదుగా బిగించిన ఫ్యాను ఒకటి తప్పు దిక్కుకు తిరుగుతోంది. ముందు నుంచీ లోపలికే, వెనక నుంచీ లోపలికే. ఆ వేడి గాలి ఎటు పోవాలో తెలియక మధ్యలో నిలబడి ఉంటుందన్న ఆలోచన ఆయన్ని కుదురుగా ఉండనివ్వలేదు. కూర్చుంటే లేచాడు, లేస్తే తిరిగాడు.

ఆదివారం పొద్దున్నే అత్తయ్య చిట్టిని పిలిచింది. "మీ మామయ్యని ఎక్కడికైనా తీసుకుపోవే తల్లీ. ఈయన తిరుగుడికి నా కళ్ళు తిరుగుతున్నాయి."

ఎక్కడికో ఎవరూ అడగలేదు. టీచరమ్మ మెట్ల దగ్గర మామయ్య ఆగి, సాకు వెతుక్కున్నాడు.

"స్క్రూడ్రైవరు మర్చిపోయానంటాను."

"అది నీ జేబులోంచి కనబడుతోంది మామయ్యా."

"ఇందా, నువ్వు దాచు. లేదా... కుంచె మర్చిపోయానంటే?"

"అదీ కనబడుతోంది."

ఇంకా తలుపు కొట్టనే లేదు, తెరుచుకుంది. బెత్తెడు కాదు, బార్లా తెరుచుకుంది. టీచరమ్మ గుమ్మంలో నిలబడి ఉంది.

"పొద్దున్నించీ చూస్తున్నాను. ఇప్పుడా రావడం?"

లోపల బల్ల మీద కంప్యూటరు పెట్టె అప్పటికే తీగ పీకేసి, పక్క మూత విప్పేసి ఉంది. స్క్రూలు ఒక సాసరులో ఉన్నాయి.

"అటూ లోపలికే ఊది, ఇటూ లోపలికే ఊదితే ఆ వేడి ఎటు చావాలిరా?" అంది టీచరమ్మ. "వెనకది బయటికి ఊదాలి. ముందువి రెండు పీలిస్తే వెనకది ఒకటి వదలాలి. రెక్కలకు అడ్డంగా ఆ కడ్డీలు కనబడే వైపు గాలి బయటికొచ్చే వైపు. ఆ కడ్డీలు ఇప్పుడు పెట్టె లోపలికి తిరిగి ఉన్నాయి. నిన్న నువ్వు బిగిస్తున్నప్పుడే చూశాను. ఆయన ముందు ఎందుకులే అని ఊరుకున్నాను."

మామయ్య సాసరులోని స్క్రూ తీసుకోబోయి ఆగాడు.

"ఇవన్నీ... మీకెలా తెలుసండీ?"

"ఎలా తెలియడమేంటి? వారం వారం చెవిలో ఇల్లు కట్టుకుని చెబుతుంటే! విననేమో అనుకున్నావా?"

ఆయన పెళ్ళాం వినలేదు. చెల్లెలి కూతురు తల ఊపింది గానీ వినలేదు. డాక్టరు కుంచె పట్టుకున్నాడు గానీ సగంలో వదిలేశాడు. మామయ్య స్క్రూడ్రైవరు పట్టుకుని, ఆ ఫ్యాను వంకా ఆ పెద్దావిడ వంకా మార్చి మార్చి చూస్తూ నిలబడిపోయాడు. చిట్టికి ఊహ తెలిశాక పెట్టె ముందు మామయ్య మాట్లాడకుండా ఉండడం అదే మొదలు.

టీచరమ్మ చిట్టికి ఒక కుర్చీ జరిపి, తను ఇంకో కుర్చీ లాక్కుని, పాఠం వినే పిల్లలా చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"ఏం, నోరు పడిపోయిందా?" అని గదమాయించింది. "బిగిస్తూ చెప్పు. పోయినవారం మధ్యలో ఆపేశావు. పెట్టె నెత్తిమీద కూడా ఒక ఫ్యాను పెడితే ఏమవుతుందన్నావు?"